ఒకే వరుసలో ఒక చెట్టుకు పేనుబంక, పక్క చెట్టుకు లేదు. పండ్ల చెట్లకు సొంత తట్టుకునే శక్తి ఉంటుందా?

అనంత_దానిమ్మ
అందరికీ నమస్తే. మాది అనంతపురం దగ్గర, భగువ దానిమ్మ. హస్త బహార్‌కి (సెప్టెంబరు, అక్టోబరు పూతకి) ఆకు రాల్చి నీళ్లు పెట్టాం, పూత బాగానే వచ్చింది, చలి మొదలయ్యేసరికి చిగుళ్ళకీ మొగ్గలకీ పేనుబంక పట్టింది. అది ఏటా వచ్చేదే, దాని గురించి కాదు అడిగేది. ఒకే వరుస, ఒకే డ్రిప్ లైన్, ఒక చెట్టు కొసలన్నీ పచ్చ పురుగుతో జిగటగా ఉంటే దాని పక్క చెట్టు కడిగినట్టు శుభ్రంగా ఉంది. మందుల షాపులో అడిగితే "ఇది కొట్టు అన్నా" అని ఇంకో సీసా చేతిలో పెట్టాడు, ఎందుకిలా అన్నదానికి మాత్రం జవాబు లేదు. ఆ శుభ్రంగా ఉన్న చెట్టులో ఏదైనా శక్తి ఉందా? ఉంటే దానికే గూటీలు (కొమ్మ మీదే వేళ్ళు పుట్టించి తీసే అంట్లు) కట్టి తోటంతా అవే పెట్టుకోవచ్చు కదా అని నా ఆలోచన.

మేడమీద_తోట
హైదరాబాద్‌లో మా మేడ మీదా ఇదే కథ. నిమ్మ కుండీ చిగుళ్ళ నిండా నల్ల పేనుబంక, దాన్ని ఆనుకునే ఉన్న జామకి ఒక్కటీ లేదు. నేను పైపుతో గట్టిగా నీళ్లు కొట్టి రాలగొడుతున్నా. రాలినవి మళ్ళీ ఎక్కుతాయా అండీ?

ఎంటో_అక్క
మేడమీద_తోట గారూ, రాలినవాటిలో చాలావరకు ఎక్కలేవు. తాగుతూ ఉండగా నీళ్లు గట్టిగా తగిలితే సూది లాంటి మూతి దెబ్బతింటుంది, ఇక తాగలేదు. మీ పద్ధతి మంచిదే, ఉదయం పూట చేయండి. జామకి రాలేదంటే నిమ్మ మీద ఉన్న రకం వేరు, అది నారింజ జాతి చెట్లనే ఎక్కువ ఇష్టపడుతుంది.

అనంత_దానిమ్మ తమ్ముడూ, గూటీల ఆలోచన దగ్గర కాస్త ఆగు. భగువ మొక్కలన్నీ గూటీల నుంచో టిష్యూ కల్చర్ నుంచో వచ్చినవే, అంటే నీ తోటలో ప్రతి చెట్టూ జన్యుపరంగా ఒకటే. రెండు చెట్లూ ఒకటే అయినప్పుడు తేడా విత్తులో లేదు, ఇంకెక్కడో ఉంది. ఎక్కడ అంటే ముందు ఈ పురుగు ఎలా బతుకుతుందో చెప్పాలి, పెద్ద పోస్టు అవుతుంది, ఓపిక పట్టండి.

రెక్కల తల్లి పురుగు ఎగిరొచ్చి ఆకు మీద వాలుతుంది. వాలగానే తాగేయదు. పై పొర కణాల్లో మూతి గుచ్చి రుచి చూస్తుంది, నచ్చకపోతే నిమిషంలో ఎగిరిపోతుంది. నచ్చితే మూతిని కణాల మధ్య సందుల్లోంచి పోనిస్తూ, చుట్టూ లాలాజలంతో గట్టి గొట్టం కట్టుకుంటూ, చెట్టు తన చక్కెర నీళ్లను పంపే ఆహార నాళం దాకా వెళ్తుంది. దీనికి గంటల సమయం పట్టవచ్చు. ఈ దారిలో ప్రతి మజిలీలోనూ చెట్టు అడ్డుపడగలదు. ఆకు నూగు, మైనం పొర, చేదు పదార్థాలు పైన. లోపల నాళానికి గాయం తగలగానే కాల్షియం లోపలికి దూసుకొచ్చి జల్లెడ రంధ్రాలకి మూతలు పడతాయి. పేనుబంక కూడా తక్కువది కాదు, దాని లాలాజలంలో ఆ కాల్షియాన్ని పట్టేసి మూత పడనీయని ప్రోటీన్లు ఉంటాయి.

1951లో అమెరికా శాస్త్రవేత్త పెయింటర్ చెట్టు నిరోధకతను మూడుగా విడగొట్టాడు, ఇప్పటికీ క్లాసులో అదే చెప్తాం. పురుగుకి చెట్టు నచ్చకపోవడం ఒకటి, నచ్చి కూర్చున్నా దాని పెరుగుదల, సంతానం దెబ్బతినడం రెండోది, పురుగు బాగానే బతికినా చెట్టుకి పెద్దగా నష్టం లేకపోవడం మూడోది. మన రైతులు "ఈ చెట్టుకి శక్తి ఉంది" అన్నప్పుడు చాలాసార్లు మూడోదే చూసి అంటారు.

అసలైన జన్యు నిరోధకత ఎలా ఉంటుందో చూడాలంటే పీచ్ మంచి ఉదాహరణ. రుబిరా అని ఒక ఎర్రాకు పీచ్ ఉంది, దాంట్లో ఆర్‌ఎం2 అనే జన్యువు ఉంది. పచ్చ పీచ్ పేనుబంక దాని మీద వాలి గుచ్చితే, గుచ్చిన చోట కణాలు తమంతట తామే చచ్చి చిన్న ఎర్ర మచ్చలు పడతాయి, రెండు మూడు రోజుల్లో పురుగు చెట్టు వదిలి పోతుంది. అలాంటి జన్యువు మన దానిమ్మలో ఎవరైనా పట్టి రకంగా విడుదల చేశారా అంటే, నాకు తెలిసి రైతు చేతికి వచ్చినది లేదు.

అనంత_దానిమ్మ
అక్కా చాలా బాగా చెప్పినావు. మరి నా రెండు చెట్ల తేడా?

ఎంటో_అక్క
వస్తున్నా. ఈ పురుగుకి మన వాతావరణంలో మగతో పని లేదు, గుడ్డు కూడా పెట్టదు, ఆడది నేరుగా పిల్లల్ని కంటుంది, పుట్టే పిల్ల కడుపులో అప్పటికే దాని పిల్ల పెరుగుతూ ఉంటుంది. వారం పది రోజుల్లో పిల్ల తల్లి అవుతుంది. అందుకని ఒక చెట్టు మీద రెక్కల తల్లి పక్క చెట్టు కన్నా వారం ముందు వాలితే చాలు, నువ్వు చూసేసరికి ఒకటి నిండిపోయి ఉంటుంది, ఇంకోటి ఖాళీగా ఉంటుంది. అది నిరోధకత కాదు, అదృష్టం అంతే.

రెండోది చిగురు వయసు. ముదురాకుకి గోడలు గట్టిపడి ఉంటాయి, నాళంలో అమైనో ఆమ్లాలు తగ్గిపోతాయి. ఆ రెండు చెట్లలో ఏది ముందు చిగురేసింది, దేనికి డ్రిప్పర్ ఎక్కువ కారుతోంది, దేని మొదట్లో యూరియా ఎక్కువ పడింది చూడు. ఆహార నాళంలో ఉండేది దాదాపు చక్కెరే, నత్రజని చాలా తక్కువ. ఆ కాస్త నత్రజని కోసమే అది అంత రసం తాగి మిగిలిన చక్కెరని జిగటగా వదిలేస్తుంది, దాని మీదే మసి తెగులు వస్తుంది. చెట్టుకి నత్రజని దట్టిస్తే పురుగుకి పని సులువు చేసినట్టే.

బత్తాయి_బాబాయ్
నల్లగొండ నుంచి. అక్క చెప్పినవన్నీ సరే గానీ చీమల ముచ్చట మర్చిపోయిండ్రు. మా బత్తాయి తోటల పేనుబంక ఉన్న చెట్టు మొదలు చూడు, చీమల బారు ఉంటది. జిగట కోసం చీమలు వాటికి కాపలా కాస్తయి, పేనుబంకని తినే అక్షింతల పురుగు దగ్గరకొస్తే తరిమేస్తయి. నేను మొదలు చుట్టూ గుడ్డ పేలిక కట్టి దాని మీద గ్రీజు పూస్తా. బెరడు మీద నేరుగ పూయొద్దు, ఎండకి బెరడు కాలుతది. కొమ్మ నేలకి తగులుతుంటే కత్తిరించు, గడ్డి కూడ చెట్టుకి తగలొద్దు, లేకుంటే చీమలు ఆ దారిన పోతయి.

అనంత_దానిమ్మ
బాబాయ్, దానిమ్మకి మొదలు ఒకటి కాదు, మూడు నాలుగు కాండాలు ఉంచుతాం, కొమ్మలు కాయ బరువుకి నేలకి వంగుతాయి. అన్నిటికీ గ్రీజు గుడ్డలు కట్టాలంటే కూలి ఎవరిస్తారు?

బత్తాయి_బాబాయ్
నిజమే, నీకు కష్టమే. చీమల పుట్టలు ఎక్కడున్నయో చూసి అక్కడ పని పెట్టు.

సహజ_సేద్యం
అసలు సమస్య అంతా రసాయన ఎరువులతోనే. జీవామృతం పోసిన చెట్టుకి పేనుబంక రాదు. అడవిలో చెట్లకి ఎవరు మందు కొడుతున్నారు? చెట్టుని చెట్టులా వదిలేయండి, దానికి అన్నీ తెలుసు.

ఎంటో_అక్క
నత్రజని తగ్గించడం వరకు మీతో ఏకీభవిస్తాను. "రాదు" అన్న మాటతో మాత్రం కాదు. అడవి చెట్లకీ పేనుబంక వస్తుంది, ఊరి బయట ఎవరూ ఎరువు వేయని జిల్లేడు ఆకు కింద తిప్పి చూడండి, పసుపు పచ్చ పేనుబంక బారులు తీరి ఉంటుంది. అది జిల్లేడు పాలనే తట్టుకుని బతుకుతుంది. అడవిలో అది అదుపులో ఉండేది చెట్టుకి అన్నీ తెలిసి కాదు, తినే పురుగులు పక్కనే ఉండి. పురుగు తింటున్న ఆకు మిథైల్ సాలిసిలేట్ లాంటి వాసనలు వదులుతుంది, వేటాడే పురుగులు ఆ వాసన పట్టి వస్తాయి. దీన్ని కూడా చెట్టు రక్షణలో భాగంగానే లెక్కేస్తారు. మనం దాన్ని మందు కొట్టి చెడగొట్టకపోతే చాలు.

సహజ_సేద్యం
నేను చెప్పిందీ అదే.

బత్తాయి_బాబాయ్
నువ్వు చెప్పింది అది కాదు గానీ పోనీలే 😀

యాకిమా_తెలుగు
అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం, యాకిమా లోయ నుంచి రాస్తున్నాను, ఇక్కడ ఆపిల్ తోటల్లో పని చేస్తాను. అంటు మొక్కల గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెప్తున్నా. పండ్ల చెట్లలో పేనుబంక నిరోధకతకి బాగా పాత కథ ఇక్కడిదే. ఆపిల్‌కి ఉన్ని పేనుబంక అని ఒకటి వస్తుంది. కత్తిరించిన గాయాల దగ్గర, కొమ్మ పంగల్లో తెల్లటి మైనం పోగులు కప్పుకుని గుంపుగా ఉంటుంది, వేలితో నలిపితే ఎర్రటి రంగు అంటుతుంది. కనపడేది పైన ఉన్నదే. నేల కింద వేరుకి కూడా పట్టి బుడిపెలు లేపుతుంది, అక్కడ మందు అందదు.

న్యూయార్క్ రాష్ట్రంలో 1800 ప్రాంతంలో పుట్టిన నార్తర్న్ స్పై అనే ఆపిల్‌కి ఈ పురుగు పట్టడం లేదని పాతకాలం రైతులే గమనించారు. ఇంగ్లండ్‌లో ఈస్ట్ మాలింగ్, మెర్టన్ పరిశోధన కేంద్రాల వాళ్ళు దాన్ని తల్లిగా వాడి వేరు మూలాలు (అంటు కట్టేటప్పుడు కింద వేరుగా ఉండే మొక్కలు) తయారు చేశారు. హిమాచల్, కశ్మీర్ వాళ్ళు ఎంఎం 106, ఎంఎం 111 అంటారే, ఆ ఎంఎం అదే, మాలింగ్ మెర్టన్. ఇప్పుడు ఇక్కడ న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవాలో తయారైన వేరు మూలాలు కూడా వచ్చాయి, జి.41 లాంటి వాటికి ఈ పురుగు పట్టదు. బాగా పాపులర్ అయిన ఎం9కి మాత్రం పడుతుంది.

కానీ దీంట్లో రెండు మెలికలు ఉన్నాయి. వేరు మూలంలో ఉన్న శక్తి అంటు పైన ఉన్న రకానికి ఎక్కదు. వేరు భద్రం, పైన గాలా రకం ఆపిల్ కొమ్మకి మాత్రం పురుగు పడుతూనే ఉంటుంది. వేరు మీద స్థావరం లేకపోవడం వల్ల కింద నుంచి పైకి పాకేవి తగ్గుతాయి, లాభం అంతవరకే. రెండోది, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియాల్లో నార్తర్న్ స్పై నిరోధకతని దాటగలిగే పురుగు రకాలు కనబడ్డాయి. ఒకే జన్యువు మీద ఆధారపడితే ఎప్పటికైనా ఆ ప్రమాదం ఉంటుంది.

పైన కొమ్మల్లో పని చేసేది ఎఫెలినస్ మాలి అనే చిన్న కందిరీగ జాతి పురుగు. అది గుడ్డు పెట్టిన పేనుబంక నల్లబడి, మైనం పోయి, వీపు మీద గుండ్రటి రంధ్రంతో కొమ్మకి అతుక్కుని ఉంటుంది. నేను తోటలో తిరిగేటప్పుడు తెల్లవి ఎన్ని, నల్లవి ఎన్ని అని చూస్తాను. నల్లవి ఎక్కువ కనబడితే ఆ వరుసకి మందు కొట్టనివ్వను, సూపర్‌వైజర్ గొణిగినా సరే.

కోడూరు_బొప్పాయి
అన్నా, అక్కా, మీ ఇద్దరి పోస్టులూ చదివినా. నా బాధ వేరే. మాది రైల్వే కోడూరు పక్కన, రెడ్ లేడీ బొప్పాయి. ఆకుల మీద మొజాయిక్ (పచ్చ, పసుపు కలగలుపు మచ్చలు), కాయ మీద ఉంగరాల మచ్చలు, తోట సగం పోయింది. పేనుబంక తెస్తుంది అంటారు, కానీ బొప్పాయి ఆకు కింద ఎంత వెతికినా పేనుబంక కనపడదు! బొప్పాయికి పేనుబంక నిరోధకత ఉన్నట్టా లేనట్టా?

ఎంటో_అక్క
ఈ థ్రెడ్‌లో అసలైన ప్రశ్న ఇదే. ఉన్నట్టే, అయినా తోట పోతుంది.

బొప్పాయి చెట్టు పేనుబంకకి ఇల్లు కాదు. వాలుతుంది, రుచి చూస్తుంది, నచ్చదు, వెళ్ళిపోతుంది. పెయింటర్ లెక్కలో మొదటి రకం నిరోధకత, పురుగు వరకు చూస్తే చెట్టు గెలిచినట్టే. అయితే రింగ్ స్పాట్ వైరస్‌కి కావలసింది ఆ రుచి చూడటమే. రోగం ఉన్న మొక్క పై కణాల్లో కొన్ని సెకన్లు గుచ్చితే మూతి చివర వైరస్ అంటుతుంది, తర్వాతి మొక్కలో కొన్ని సెకన్లు గుచ్చితే దిగిపోతుంది. నచ్చక త్వరగా లేచిపోయే పురుగు ఎక్కువ మొక్కలు తిరుగుతుంది, అంటే ఇష్టపడకపోవడమే ఇక్కడ నష్టం చేస్తోంది. మీ చుట్టుపక్కల వేరుశనగ, పత్తి, అలసంద చేలలో పెరిగిన రెక్కల పురుగులు గాలికి వచ్చి ఈ పని చేసి పోతాయి. మీరు బొప్పాయి మీద ఎంత గట్టి మందు కొట్టినా అది చచ్చేలోపు గుచ్చడం అయిపోతుంది.

హవాయిలో పూనా అనే ప్రాంతానికి 1992లో ఈ వైరస్ వచ్చి బొప్పాయి తోటల్ని తుడిచిపెట్టింది. డెనిస్ గొన్సాల్వెస్ బృందం వైరస్ పైపొర ప్రోటీన్ జన్యువునే బొప్పాయిలో పెట్టి రెయిన్‌బో, సన్‌అప్ రకాలు తెచ్చింది, 1998 నుంచి రైతులకి ఇచ్చారు. గమనించండి, అది పేనుబంకని ఆపదు, వైరస్‌ని ఆపుతుంది. మన దేశంలో జన్యుమార్పిడి బొప్పాయి సాగుకి అనుమతి లేదు.

మనం చేయగలిగినవి: నాటడానికి ముందే తోట చుట్టూ జొన్న గానీ మొక్కజొన్న గానీ దట్టంగా నాలుగైదు వరుసలు లేపడం. ఎగిరొచ్చిన పురుగు ముందు అక్కడ వాలి నాలుగుసార్లు గుచ్చితే మూతికి ఉన్న వైరస్ వదిలిపోతుంది. నారుని నెట్ కింద పెంచడం, దోస, గుమ్మడి జాతి తోటలు పక్కన లేకుండా చూడటం, మొదటి లక్షణం కనబడ్డ మొక్కని మొహమాటం లేకుండా పీకేయడం. చివరిదే ఎవరూ చేయరు.

కోడూరు_బొప్పాయి
పీకడానికి మనసు రాదక్కా, కాయ మీద ఉంటుంది కదా. సరే, ఈసారి జొన్న ముందుగా వేస్తా. పక్క పొలం ఆయన కర్బూజా వేస్తున్నాడు, ఆయన్ని ఏమనేది!

ఎంటో_అక్క
కర్బూజా అన్నారు కాబట్టి ఒక చిన్న మాట, చెట్టు కాదు గానీ ముచ్చటగా ఉంటుంది. కర్బూజాలో వ్యాట్ అనే జన్యువు ఉంది. పత్తి పేనుబంక దాని మీద గుచ్చితే మొక్క మేలుకుంటుంది, పురుగు నిలవలేదు, ఆ పురుగు తెచ్చిన వైరస్ కూడా నిలవదు. అదే వైరస్‌ని వేరే జాతి పేనుబంక తెస్తే మాత్రం మొక్కకి రోగం వస్తుంది. పురుగునీ వైరస్‌నీ కలిపి ఆపే జన్యువు ఇలా ఎక్కడో తప్ప దొరకదు. ఈ లక్షణం ఉన్న విత్తనాల్లో ఒకటి మన దేశం నుంచి సేకరించినదే.

మేడమీద_తోట
మధ్యలో వస్తున్నాను, క్షమించండి. మా నిమ్మ చిగురు మీద ఇవాళ ఒక నల్లటి పురుగు కనబడింది, ముళ్ళు, నారింజ మచ్చలు, ఆరు కాళ్ళు, చిన్న మొసలి పిల్లలా ఉంది. పేనుబంక మధ్యలోనే తిరుగుతోంది. చంపేయనా?

బత్తాయి_బాబాయ్
అయ్యో చంపకమ్మా! అది అక్షింతల పురుగు పిల్ల. తల్లి కన్నా పిల్లే ఎక్కువ తింటది.

ఎంటో_అక్క
బాబాయ్ చెప్పింది నిజం. కాళ్ళు లేని, లేత పచ్చగా జలగలా పాకేది కనబడితే అది సిర్ఫిడ్ ఈగ పిల్ల, దాన్నీ వదిలేయండి. ఉబ్బి గోధుమ రంగుకి తిరిగి కదలకుండా ఉన్న పేనుబంక ఉంటే లోపల పరాన్నజీవి ఉన్నట్టు. ఇవి కనబడుతున్నప్పుడు నీళ్లు కొట్టడం కూడా కొన్నాళ్ళు ఆపండి.

అనంత_దానిమ్మ
ఇవాళ పొద్దున భూతద్దం తీసుకుని ఆ రెండు చెట్ల దగ్గర కూర్చున్నా. పురుగు ఉన్న చెట్టు పక్కన డ్రిప్పర్ ఊడిపోయి నీళ్లు ధారగా పోతున్నాయి, చిగురు జానెడు పొడుగు లేతగా ఉంది. ఫర్టిగేషన్ (డ్రిప్ నీళ్లతో ఇచ్చే ఎరువు) కూడా దానికే ఎక్కువ పోయి ఉంటుంది. ఆ చెట్టులోనే కొన్ని కొసల్లో గోధుమ రంగువి కనబడ్డాయి. బాగా పట్టిన కొసలు తుంచి సంచిలో వేసి బయట పడేసినా. మిగతా తోటకి వేపనూనె లీటరు నీళ్లకి 5 మి.లీ. కొట్టమంటారా?

ఎంటో_అక్క
పట్టిన చెట్లకే కొట్టు, సాయంత్రం పూట, ఆకు కింద తడిసేలా. పూత మీద ఉంది కాబట్టి తేనెటీగల్ని చూసుకో, నియోనికోటినాయిడ్ (ఇమిడాక్లోప్రిడ్ లాంటి) మందుల జోలికి ఇప్పుడు వెళ్ళకు. ఎగుమతికి ఇచ్చే కాయ అయితే అవశేషాల గొడవ కూడా ఉంటుంది. డ్రిప్పర్ బాగు చేశాక యూరియా మోతాదుని చిన్న చిన్న విడతలుగా ఇవ్వు.

గూడూరు_నిమ్మ
మా వైపు నిమ్మకి ట్రిస్టెజా అనే వైరస్ తెగులు భయం. యాకిమా అన్న చెప్పినట్టు మంచి వేరు మూలం మీద అంటు కడితే నిమ్మ తట్టుకుంటుందా? నర్సరీ వాళ్ళు రంగపూర్ నిమ్మ వేరు మీద అంటు అని ఎక్కువ రేటు చెప్తున్నారు.

ఎంటో_అక్క
బత్తాయికి, నిమ్మకి జవాబు ఒకటి కాదు. ట్రిస్టెజా వైరస్‌ని గోధుమ, నల్ల రంగు నిమ్మజాతి పేనుబంక మోస్తుంది. 1930లు, 40లలో బ్రెజిల్, అర్జెంటీనాల్లో కోటికి పైగా నారింజ చెట్లు దీనితో చచ్చాయి, ఎందుకంటే అవి పుల్ల నారింజ వేరు మీద కట్టినవి. ఆ జంటలో అంటు కలిసిన చోట ఆహార నాళం చచ్చి వేరుకి తిండి అందదు. అదే బత్తాయిని రంగపూర్ నిమ్మ మీద కడితే వైరస్ ఉన్నా చెట్టు నిలబడుతుంది. ఇది పేనుబంక నిరోధకత కాదు, పెయింటర్ లెక్కలో మూడో రకం లాంటిది, తట్టుకోవడం.

పుల్ల నిమ్మ సంగతి అలా కాదు. కాగ్జీ నిమ్మకి రంగు లేని ఈనెలు, కాండం మీద గుంటలు నేరుగా పైభాగంలోనే వస్తాయి, ల్యాబ్‌లో ట్రిస్టెజా ఉందో లేదో చూడటానికి వాడే మొక్కే అది. కింద ఏ వేరు పెట్టినా పైన నిమ్మ నిమ్మే. మీకు ఉపయోగపడేది శుభ్రమైన మొక్క. ఈ వైరస్ విత్తనం ద్వారా రాదు, అంటు కొమ్మ ద్వారా వస్తుంది. అందుకే నెట్ కింద పెంచిన విత్తనపు నారు గానీ, పరీక్ష చేసిన తల్లిచెట్టు నుంచి తీసిన అంటు గానీ తీసుకోండి. తిరుపతి నిమ్మజాతి పరిశోధన స్థానం వాళ్ళని అడిగితే దారి చెప్తారు. లేత చిగురు వచ్చే రోజుల్లో మాత్రం పేనుబంకని చూస్తూ ఉండాలి.

గూడూరు_నిమ్మ
అంటే నిమ్మకి రంగపూర్ అని ఎక్కువ డబ్బు పెట్టడం దండగ?

ఎంటో_అక్క
ట్రిస్టెజా కోసమే అయితే దండగ. నేల కోసం, వేరు కోసం అయితే అది వేరే లెక్క.

బత్తాయి_బాబాయ్
నాకు బత్తాయి కాబట్టి రంగపూరే కావాలె, కానీ నర్సరీల జంబేరి నిమ్మ మీద కట్టి రంగపూర్ అని అమ్మితే మనకి ఎట్ల తెలుస్తది? బిల్లు మీద రాయమంటే ఒక నర్సరాయన నవ్విండు.

యాకిమా_తెలుగు
బాబాయ్, చిన్న మొక్కలో ఆకు చూసి చెప్పడం కష్టమే. పాత తోట ఉంటే ఒక పని చేయండి. అంటు కింద నుంచి లేచే పిలకల్ని అందరం కోసేస్తాం కదా, ఒక చెట్టుకి మాత్రం ఒక పిలకని కాయ వచ్చేదాకా ఉంచండి. చిన్నగా, వదులు తొక్కతో, నారింజ రంగులో పుల్లటి కాయ వస్తే రంగపూర్. పెద్దగా, పసుపు రంగులో, గరుకు తొక్కతో వస్తే జంబేరి. అది చూశాక ఆ నర్సరీకి మళ్ళీ వెళ్ళాలో వద్దో మీకే తెలుస్తుంది.

బత్తాయి_బాబాయ్
ఇది మంచిగ చెప్పినవ్. మా పాత తోటల ఒక పిలక తొడ లావు అయింది, ముళ్ళతోని, కొట్టేద్దామనుకున్న. ఉంచుతా.